నాలుగున్నర అంగుళాల గోడ, నాలుగంగుళాల పైపు

మన ఊరు నేరేడుచర్లలో ఇప్పుడు కడుతున్న ఏ ఇంటి బాత్‌రూమ్‌లోకైనా వెళ్లి టేపు పట్టి చూడండి. లోపలి గోడ చాలావరకు నాలుగున్నర అంగుళాలే ఉంటుంది, అంటే 115 మిల్లీమీటర్లు. లెట్రిన్ నుంచి కిందికి దిగే పైపును అందరూ నాలుగంగుళాల పైపు అంటారు. దాని బయటి కొలత 110 మిల్లీమీటర్లు. ఆ పైపును ఆ గోడలో నిలబెడితే అటు రెండున్నర, ఇటు రెండున్నర మిల్లీమీటర్లు మిగులుతాయి. అంత మందంలో ఇటుక ముక్క కూడా నిలవదు. అయినా పెడుతూనే ఉన్నారు. పైన మెష్ కొట్టి, గిలాబు చేసి, టైల్స్ అతికించి చేతులు దులుపుకుంటున్నారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అవతలి పడగ్గదిలో మంచం వెనక గోడ చెమ్మ పడుతుంది.

ఇరుకు గోడలో నీళ్ల కనెక్షన్లు ఎలా బిగించాలన్నది వినడానికి చిన్న ప్రశ్న. అడిగితే మాత్రం నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. గాడి కొడితే గోడ బలం పోతుందని మేస్త్రీ అంటాడు. గాడి కొట్టకపోతే చెయ్యి దూరదని ప్లంబర్ అంటాడు. కోడ్ ఒప్పుకోదని ఇంజినీరు అంటాడు. పైపు కంటికి కనిపించొద్దు, అంతే అని ఇంటాయన అంటాడు. నలుగురి మాటలోనూ నిజం ఉంది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం పని. నా తీర్పు మాత్రం ముందే చెప్పేస్తాను. గోడలో పైపును దాచొచ్చు, కనెక్షన్‌ను దాచకూడదు. దాచక తప్పని చోట అతికించే జాయింటు మాత్రమే లోపల ఉండాలి. మర తిప్పి బిగించేది, ప్లంబర్ల మాటలో చూడీ ఉన్నది, గోడ ముఖం దాకా బయటికి రావాలి.

ఈ తిప్పలు మన తాతలకు లేవు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలేనాటికి ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లంటే మట్టి అడుసుతో కట్టిన రాతి గోడ, దాని మీద పెంకులు. గోడ మందం అడుగున్నర, కొన్నిచోట్ల రెండడుగులు. అంత మందం ఉన్నా అందులో ఒక్క పైపూ లేదు. స్నానం పెరట్లో బండ మీద, నీళ్లు కాగులో. ఎడమ కాలువ కింద వరి పండి చేతిలో నాలుగు డబ్బులు ఆడాక మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్, కోదాడ దాకా రోడ్డు వెంట స్లాబు ఇళ్లు లేచాయి. ఆ గోడలు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. బాత్‌రూమ్ అప్పటికీ ఇంటి వెనకే ఉంది. అందులో ఒక నల్లా, ఒక బకెట్టు.

తర్వాత బాత్‌రూమ్ ఇంట్లోకి వచ్చింది. పిల్లర్ల మీద ఇల్లు నిలబెట్టడం అలవాటయ్యాక లోపలి గోడ మోసే పని లేకుండా పోయి నాలుగున్నర అంగుళాలకు చిక్కింది. 2018లో నేరేడుచర్ల మున్సిపాలిటీ అయింది. స్థలం ధర గజాల లెక్కన పెరిగేకొద్దీ గోడ మందం కూడా దండగ ఖర్చులా కనిపించసాగింది. అదే కాలంలో పైపుల సంఖ్య పెరిగింది. చన్నీళ్లకు ఒకటి, గీజర్ నుంచి వేడినీళ్లకు ఒకటి, షవరుకు ఒకటి, కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్‌కు ఒకటి, వాష్ బేసిన్‌కు రెండు, వాషింగ్ మెషీన్‌కు ఒకటి. గోడ సన్నబడుతూ పోయింది, అందులో దూరాల్సినవి పెరుగుతూ పోయాయి. ఇది కేవలం ప్లంబర్ పనితనం సమస్య కాదు.

కోడ్ ఏమంటుందో చూద్దాం. ఇటుక కట్టుబడికి భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన నియమావళి ఐఎస్ 1905. దాని 1987 నాటి సవరణలో గాడుల గురించి విడిగా ఒక భాగమే ఉంది. బరువు మోసే గోడలో నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు దాటకూడదు. అడ్డ గాడి అయితే ఆరో వంతే. రెండు నిలువు గాడుల మధ్య కనీసం రెండు మీటర్ల ఎడం ఉండాలి. తలుపు, కిటికీ అంచుకు 345 మిల్లీమీటర్ల లోపు, అడ్డగోడ మూలకు 230 మిల్లీమీటర్ల లోపు గాడి కొట్టకూడదు. అడ్డ గాడి ఒకే వరసలో మీటరు పొడవు మించకూడదు, అదీ గోడ ఎత్తులో పై మూడో వంతులోనో కింది మూడో వంతులోనో ఉండాలి. బరువు మోసే నాలుగున్నర అంగుళాల గోడకైతే గాడి అన్న మాటే వద్దు. బోలు ఇటుకలతో కట్టిన గోడను కట్టాక కొయ్యకూడదు.

ఈ అంకెలను మన బాత్‌రూమ్‌లోకి తెచ్చి చూస్తే సంగతి తెలుస్తుంది. తొమ్మిదంగుళాల గోడ 230 మిల్లీమీటర్లు. మూడో వంతు 76, ఆరో వంతు 38. ఇప్పుడు నీళ్ల లైన్లకు వాడే ముప్పావు అంగుళం సీపీవీసీ ప్లాస్టిక్ పైపు బయటి కొలత 22 మిల్లీమీటర్లు. దాన్ని 38 మిల్లీమీటర్ల అడ్డ గాడిలో పడుకోబెడితే పైన 16 మిల్లీమీటర్లు మిగులుతుంది, ఆ మీద గిలాబు ఎలాగూ వస్తుంది. అంటే నీళ్ల పైపుకు తొమ్మిదంగుళాల గోడ చక్కగా సరిపోతుంది. 110 మిల్లీమీటర్ల లెట్రిన్ పైపుకు మాత్రం అది కూడా చాలదు. స్నానాల నీళ్లు పోయే 75 మిల్లీమీటర్ల పైపు నిలువు గాడిలో అంచుకు అంచు పడుతుంది గానీ దాని సాకెట్ పట్టదు. కోడ్‌ను అక్షరాలా పాటిస్తే మురుగు పైపు అనేది ఇటుక గోడలోకి వెళ్లే వస్తువే కాదు. ఇంకొక లెక్క కూడా ఉంది. మన బాత్‌రూమ్ పొడుగు గోడ ఆరడుగులు, అంటే 1.8 మీటర్లు. రెండు మీటర్లకు ఒక నిలువు గాడి అన్న నియమం ప్రకారం ఆ గోడకు దక్కేది ఒక్కటే గాడి. మనం కొట్టేవి నాలుగు, ఐదు.

ఇక్కడే పిల్లర్ల వాదన వస్తుంది. 'మా ఇల్లు కాలమ్‌ల మీద ఉంది, గోడ బరువు మోయదు, ఆ కోడ్ మాకు వర్తించదు' అని. పాక్షికంగా ఒప్పుకోవాల్సిన మాటే. లోతుల నియమం బరువు మోసే గోడల గురించే. గాడి కొట్టినంత మాత్రాన పిల్లర్ల ఇల్లు కూలిపోదు. కానీ గోడ తన బరువు తాను మోసుకోవాలి, తలుపు దబాలున వేస్తే అదురును తట్టుకోవాలి, అవతలి వైపు టీవీ మేకును పట్టి ఉంచాలి. నాలుగున్నర అంగుళాల గోడకు బాత్‌రూమ్ వైపు రెండంగుళాల గాడి కొట్టి, అదే చోట పడగ్గది వైపు నుంచి కరెంటు పైపుకు ఒకటిన్నర అంగుళం కొడితే మధ్యలో మిగిలేది అంగుళం. అలాంటి గోడల్లో పగులు ఎక్కడ వస్తుందో ముందే గీత గీసి చూపించవచ్చు, గాడి ఎటు పోతే అటే వస్తుంది. మన దగ్గర ఇంకో చిక్కు ఏమంటే, 1980లలో, 90లలో పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసిన ఇళ్లు ఇంకా బోలెడు ఉన్నాయి. వాటికి ఇప్పుడు పైన ఒక అంతస్తు వేసి, కింద అటాచ్డ్ బాత్‌రూమ్ పెడుతున్నారు. అక్కడ ఆ కోడ్ అక్షరం అక్షరం వర్తిస్తుంది.

గాడి కొట్టే తీరు గోడను బట్టి మారుతుంది. ఎర్ర ఇటుక మెత్తన, ఉలి మాట వింటుంది. ఈ ప్రాంతంలో సిమెంటు ఇటుక వాడకం కూడా బాగానే ఉంది. కృష్ణ ఒడ్డున పాలకీడు, మఠంపల్లి, మేళ్లచెరువు దాకా సున్నపురాయి పరుచుకుని ఉంది, దాన్ని నమ్ముకుని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. సిమెంటు ఇటుకను సుత్తెతో కొడితే గాడి దగ్గర ఆగదు, ఇటుక నిలువునా చీలి అవతలి గిలాబు ఉబ్బుతుంది. దానికి కట్టర్ మిషన్‌తో ముందు రెండు గీతలు లోతుగా కోసి, మధ్యలోది మాత్రం చిన్న ఉలితో గిల్లి తియ్యాలి. పాత రాతి గోడకైతే గాడి ఆలోచనే పెట్టుకోవద్దు. ఒక రాయి కదిలితే పక్కన నాలుగు వదులవుతాయి. అక్కడ పైపు గోడ మీదుగానే పోవాలి, దాటాల్సిన చోట ఒక రాయి తీసి, పైపు కంటే పెద్ద ప్లాస్టిక్ గొట్టం ముక్కను తొడుగులా పెట్టి చుట్టూ కట్టెయ్యాలి.

కట్టర్ దుమ్ము గురించి ఎవరూ మాట్లాడరు. ఇరుకు గదిలో, కిటికీ లేని చోట, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆ కుర్రాడు పీల్చేది రాతి పొడి. అది ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. గోడను ముందురోజు తడిపి ఉంచడానికి, కోసేటప్పుడు ఒక మనిషి నీళ్లు చల్లుతూ నిలబడడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇంటాయన ఆ ఒక్క పనైనా అడిగి చేయించాలి.

ఇక అసలు విషయం, కనెక్షన్. జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపుల కాలంలో ఇరుకు చోటు అంటే ప్లంబర్‌కు నరకం. జీఐ ఎల్బోను బిగించాలంటే దాన్ని పైపు మీద చుట్టూ తిప్పాలి. ఎల్బోకు అప్పటికే ఆరంగుళాల పైపు ముక్క తగిలించి ఉంటే, అది తిరగడానికి చుట్టూ ఆరంగుళాల ఖాళీ కావాలి. మూలలో గోడకు రెండంగుళాల దూరంలో ఉన్న పైపు మీద అది తిరగదు. పైపు పానాకు కూడా చేతి ఊపు కావాలి. గాడిలో పానా పావు చుట్టు కూడా పోదు, తీసి మళ్లీ పట్టాలి. అందుకే పాత ప్లంబర్లు గోడ కొలత తీసుకుని, కిందే నేల మీద ఎల్బోలు, నిప్పళ్లు అన్నీ బిగించి, మొత్తాన్ని ఒక చట్రంలా ఎత్తి గాడిలో పెట్టేవారు. ఆఖరి జాయింటుకు యూనియన్ వాడేవారు. అది రెండు వైపులా పైపును కదపకుండా మధ్యలో నట్టు మాత్రమే తిప్పి బిగించేది. దారం చుట్టి సఫేదా పూసిన ఆ జాయింట్లు ఏళ్ల తరబడి కారలేదు. ఆ పైపులను చంపింది జాయింటు కాదు, మన బోరు నీళ్లు. లోపల ఉప్పు పట్టి అంగుళం పైపు పెన్సిల్ సందంత అయ్యేది. బయటి నుంచి సిమెంటు చెమ్మ తుప్పు పట్టించేది.

1990ల చివర్లో సీపీవీసీ మన దేశంలోకి వచ్చాక ఇరుకు చోటు లెక్కే మారిపోయింది. దీనికి పానా అక్కర్లేదు, చుట్టూ తిప్పే పని లేదు. పైపు అంచు నున్నగా చేసి, పైపు మీద, ఫిట్టింగ్ లోపల సాల్వెంట్ పూసి, లోపలికి తోస్తూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం గట్టిగా పట్టుకుంటే చాలు. ఆ పట్టుకోవడమే అసలు కిటుకు. ఫిట్టింగ్ లోపలి గొట్టం కొద్దిగా కోసుగా ఉంటుంది, వదిలేస్తే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది. వెడల్పాటి చోట రెండు చేతులతో పట్టుకోవడం తేలికే. గాడిలో రెండు వేళ్లే దూరుతాయి. ఇరుకు గోడల్లో కారే సీపీవీసీ జాయింట్లలో చాలావాటికి మూలం ఈ వెనక్కి జారడమేనని నా అభిప్రాయం. కంటికి అతికినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం సగం లోతులోనే ఆగి ఉంటుంది. మందు చిన్నదే. ఫిట్టింగ్ ఎంత లోతు ఉందో కొలిచి, పైపు మీద ముందే పెన్నుతో గీత గీయాలి. అతికించాక గీత కనిపించకూడదు.

అలాగే మామూలు తెల్ల పీవీసీని గీజర్ లైనుకు వాడి డబ్బు మిగిల్చానని మురిసేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. పీవీసీ వేడినీళ్లకు పనికిరాదు. మెత్తబడి, వంగి, జాయింటు దగ్గర ఉబ్బుతుంది. ఇందులో రెండో మాట లేదు.

ఇరుకు గోడలో అన్నిటికంటే కష్టమైన చోటు వాల్ మిక్సర్. దాన్ని దగ్గర నుంచి చూడాలి. వేడినీళ్ల పైపు ఎడమ, చన్నీళ్ల పైపు కుడి. రెండింటి చివర ఒక్కో ఇత్తడి ఎల్బో, వాటి నడుమ కేంద్రం నుంచి కేంద్రానికి సరిగ్గా ఆరంగుళాలు. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, అది రసమట్టం పెట్టి చూస్తారు. రెండూ ఒకే లోతులో కూడా ఉండాలి, అది చూసేవాళ్లు తక్కువ. ఎందుకంటే ఎల్బో పెట్టేనాటికి గోడ బట్టబయలుగా ఉంటుంది. ఎల్బో మూతి ఆగాల్సింది ఇటుక ముఖం దగ్గర కాదు, రేపు రాబోయే టైల్ ముఖం దగ్గర. గిలాబు, సిమెంటు పాలు, టైల్ అన్నీ కలిపితే అంగుళం పైనే. బాగా చేసే ప్లంబర్ గోడకు రెండు చోట్ల టైల్ ముక్కలను సిమెంటు ముద్ద మీద అతికించి, వాటి మీదుగా నూలు దారం లాగి, ఆ దారానికి ఎల్బో మూతిని ఆనిస్తాడు. మిక్సర్‌నే తెచ్చి రెండు ఎల్బోలకు తాత్కాలికంగా బిగించి, దాంతోనే ఎడం కొలిచి, అప్పుడు సిమెంటు పెట్టి కదలకుండా చేస్తాడు. సిమెంటు గట్టిపడ్డాక మిక్సర్ తీసేసి ప్లగ్గులు బిగిస్తాడు. తొందరలో ఉన్నవాడు ఇటుక ముఖానికే ఎల్బో ఆనించి వెళ్లిపోతాడు. టైల్స్ పడ్డాక ఆ ఎల్బో అంగుళం లోపల గుంతలో ఉంటుంది. అప్పుడు ఎక్స్‌టెన్షన్ నిప్పల్ కావాలి. ఒక జాయింటు రెండు జాయింట్లవుతుంది, ఆ రెండోది ఎవరి చెయ్యీ కన్నూ చేరని గుంతలో ఉంటుంది. కారేది అదే.

చూడీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్లాస్టిక్ లోపలి చూడీలోకి ఇనుప నల్లాను బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది, బిగించిన రోజున కాదు, ఆర్నెల్లకు. లోపల ఇత్తడి పోసిన ఫిట్టింగే వాడాలి. టెఫ్లాన్ టేపు ఎక్కువ చుడితే బలం అనుకోవడం పొరపాటు. టేపు లావెక్కేకొద్దీ అది లోపల చీలను దిగగొట్టినట్టు పనిచేస్తుంది, ఇత్తడి ఎల్బో కూడా పగులుతుంది. చేత్తో బిగించాక పానాతో ఒకటి, ఒకటిన్నర చుట్లు చాలు.

'గోడ లేవకముందే ఒక్క ఫోన్ కొట్టి పిలిస్తే ఈ పగలగొట్టుడే ఉండకపోవు సార్' అని ప్లంబర్ అంటాడు. 'గిన్ని పైపులు పెడ్తరని ముందుగాల చెప్తే తొమ్మిదించుల గోడే కడ్తుంటి గదా' అని మేస్త్రీ అందుకుంటాడు. ఈ రెండు మాటలూ ఏ ఇంటి దగ్గర నిలబడ్డా వినిపిస్తాయి. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు, ఇంటాయనకు మాత్రం కొట్లాటలా వినిపిస్తుంది.

గాడి పూడ్చే ముందు రెండు పనులు ఉన్నాయి. మొదటిది, పైపుకు సాగే చోటు ఇవ్వడం. సీపీవీసీ వేడికి బాగా సాగుతుంది. పది అడుగుల పైపులోకి నలభై డిగ్రీల తేడాతో వేడినీళ్లు వస్తే ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది, అదే జీఐ అయితే ఒకటిన్నర. రెండు చివర్లా సిమెంటులో బిగదీసిన పొడుగాటి వేడినీళ్ల పైపు రోజూ గీజర్ వేసినప్పుడల్లా ఎల్బోను తోస్తుంది. పొడుగు లైనులో ఒక వంపు ఇవ్వడం, ఎల్బో దగ్గర కొద్దిగా ఖాళీ వదలడం, వేడినీళ్ల పైపుకు ఫోమ్ తొడుగు వెయ్యడం మంచిది. మన ఎండల్లో చన్నీళ్ల లైను కూడా ఊరికే ఉండదు. మే నెలలో మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి.

రెండోది పరీక్ష. 'ట్యాంకు నీళ్లు వదిలి చూసినం, ఎక్కడా కారలే' అన్నదాన్ని పరీక్ష అనలేం. పది అడుగుల ఎత్తున్న ట్యాంకు ఇచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోలు మాత్రమే. సగం అతికిన జాయింటు కూడా దానికి ఆగుతుంది. రేపు ప్రెషర్ పంపు పెట్టిన రోజున ఊడుతుంది. చేతి పంపుతో పని ఒత్తిడికి కనీసం ఒకటిన్నర రెట్లు ఎక్కించి గంట సేపు ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. అంతకుముందు సాల్వెంట్ ఆరడానికి ఒక రోజు వదలాలి. ఆ పంపు సొంతంగా లేని ప్లంబర్ అద్దెకు తెస్తాడు. అడగాలి, అంతే.

మురుగు పైపుల విషయం వేరు, దాన్ని గోడ బయటే తేల్చాలి. మన ఊళ్లో బయట అంటే సందు. ఇంటి గోడకు, ప్రహరీకి మధ్య అడుగున్నర. కొన్నిచోట్ల మనిషి అడ్డంగా నడవాలి. ఆ సందులో 110 మిల్లీమీటర్ల పైపు గోడకు క్లాంపులతో ఆనించి నిలబెట్టాలి, సాకెట్ వెనక్కి వేళ్లు దూరేలా కనీసం అంగుళం ఎడం ఉండాలి, వంపు దగ్గర తలుపున్న బెండు వెయ్యాలి, ఆ తలుపు మనిషి నిలబడే వైపు తిరిగి ఉండాలి. ప్రహరీ వైపు తిప్పి బిగించిన తలుపులు చాలానే కనిపిస్తాయి. అవి ఎవరి కోసం పెట్టారో పెట్టినవారే చెప్పాలి. గోడలోంచి పైపు బయటికి దూరే రంధ్రాన్ని సుత్తెతో కొడితే అవతలి వైపు తట్టంత పెచ్చు ఊడుతుంది. కోర్ కటింగ్ మిషన్‌తో గుండ్రంగా కోస్తే మచ్చ పడదు. అంతకంటే మేలు, గోడ కట్టేటప్పుడే ఆ చోట పెద్ద పైపు ముక్కను పెట్టి కట్టడం.

ఇరుకు గోడ మన ఒక్కరి కష్టం కాదు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇళ్లు కొనుక్కున్న మన పిల్లల ఇళ్ల గోడలు చెక్క చట్రానికి జిప్సం బోర్డు కొట్టినవి. లోపల బోలు కాబట్టి గాడి కొట్టే బాధ లేదు. కానీ ఆ చట్రం చెక్క మందం మూడున్నర అంగుళాలు, అక్కడి మూడంగుళాల మురుగు పైపు బయటి కొలత కూడా మూడున్నర అంగుళాలే. సాకెట్ పట్టదు. అదే లెక్క, అదే చిక్కు. వాళ్లు కనుక్కున్న దారి ఏమంటే, బాత్‌రూమ్‌లో ఒక్క గోడను మాత్రం ఐదున్నర అంగుళాల చెక్కతో వెడల్పుగా కట్టి, ఇంట్లో పైపులన్నీ అందులోకే తెస్తారు. దానికి వెట్ వాల్ అని పేరు. ఐరోపాలో స్విట్జర్లాండ్ కంపెనీ గెబెరిట్ 1964లో ఫ్లష్ ట్యాంకును గోడలో దాచడం మొదలుపెట్టింది. ఇరుకు గోడలున్న ఇళ్లకు వాళ్లు గోడను తవ్వమనలేదు. అసలు గోడ ముందు నడుమెత్తు దాకా ఇంకో పలుచటి గోడ లేపి, ఆ మధ్య ఖాళీలో అన్నీ పెట్టమన్నారు.

మనకు కూడా సరైన దారి ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. బాత్‌రూమ్‌లో కమోడ్, బేసిన్, మిక్సర్ మూడూ ఒకే గోడ మీదికి తేవాలి. ఆ గోడ ముందు నాలుగడుగుల ఎత్తు దాకా ఇటుకను నిలువుగా పేర్చి ముందు గోడ కట్టి, పైన గ్రానైట్ పలక పరవాలి. వెనక ఖాళీలో పైపులు క్లాంపుల మీద స్వేచ్ఛగా ఉంటాయి. పక్కన ఒక టైల్‌ను సిమెంటు పెట్టకుండా సిలికాన్‌తో మాత్రమే అతికిస్తే అది తలుపులా ఊడివస్తుంది. పలక మీద సబ్బు, షాంపూ పెట్టుకోవచ్చు. ఖర్చయ్యేది ఆరంగుళాల చోటు. నాలుగడుగుల వెడల్పున్న గదిలో ఆరంగుళాలు చిన్న విషయం కాదని తెలుసు. అందుకే ఆ ముందు గోడను పొట్టి గోడకు ఆనించాలి, అప్పుడు పోయేది పొడవులో. వెనక గోడకు ఒక్క ఉలి దెబ్బా తగలదు.

ఆ ఆరంగుళాలు కూడా ఇవ్వలేనివాళ్లకు ఇంకో మార్గం ఉంది, ఎవరికీ నచ్చనిది. పైపులను బయటే వదిలెయ్యడం. ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో అలాగే చేస్తారు, కారితే పది నిమిషాల్లో మారుస్తారు. చూడ్డానికి బాగుండదన్న ఒక్క కారణంతో మనం దాన్ని కొట్టిపారేస్తాం. బాత్‌రూమ్‌లో ఎవరు చూస్తారని అడిగితే మాత్రం జవాబు రాదు.

అపార్ట్‌మెంట్లలో దీనికి డక్ట్ ఉంటుంది, ఇంజినీరు ఉంటాడు, గీసిన కాగితం ఉంటుంది. చిన్న పట్నంలో సొంతిల్లు కట్టుకునేవాడికి ఇవేవీ ఉండవు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాకా ఇంటికి అనుమతి అక్కర్లేదంది, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. సామాన్యుడికి అది పెద్ద ఊరటే. అంతకంటే పెద్ద స్థలాలకు ఇచ్చే ప్లాన్‌లో కూడా అందరి చూపు రోడ్డు నుంచి ఎంత వదిలారన్న దాని మీదే. పైపు ఎక్కడ పోతుందో ఏ కాగితం మీదా ఉండదు. అది ప్లంబర్ తలలో ఉంటుంది, ఆయన ఊరు మారితే ఆయనతోనే పోతుంది.

ఈ పని నేర్పే చోట్లు లేక కాదు. ఐటీఐల్లో ప్లంబర్ కోర్సు ఏడాదే. హైదరాబాద్‌లో 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. ఒడిశాలో కేంద్రపడా జిల్లా ఏకంగా ప్లంబర్ల జిల్లాగా పేరు తెచ్చుకుంది, అక్కడివాళ్లు దేశమంతటా పని చేస్తారు. మన దగ్గర మాత్రం ప్లంబింగ్ ఇప్పటికీ ఎక్కువగా చూసి నేర్చుకునే పనే. చూసి నేర్చుకోవడం తక్కువేం కాదు. కాకపోతే ఎవరి దగ్గర చూశాడన్నదాన్ని బట్టి ఇల్లు ఉంటుంది.

ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్ల కాలం నడుస్తోంది. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఆ పథకంలో సొంత స్థలం ఉన్నవారికి విడతలవారీగా 5 లక్షల రూపాయలు ఇస్తారు, ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. అంత చిన్న ఇంట్లో వంటిల్లు, బాత్‌రూమ్ పక్కపక్కనే వస్తాయి. వాటి మధ్య గోడ ఒక్కటి తొమ్మిదంగుళాలు కడితే రెండు గదుల నీళ్ల పైపులూ అందులోనే పోతాయి, మిగతా లోపలి గోడల్లో గాడి కొట్టే పనే ఉండదు. కట్టుకుంటున్నవాళ్లకు నా విన్నపం ఇది. ముగ్గు పోసిన రోజే మేస్త్రీతో పాటు ప్లంబర్‌ను కూడా పిలవండి. గిలాబు పడేముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోన్‌లో ఫోటో తీసి, ఇంటి కాగితాలతో పాటు దాచుకోండి. నేరేడుచర్ల మున్సిపాలిటీ కూడా ఇంటి ప్లాన్‌తో పాటు పైపుల గీత ఒక పేజీ జతచేయమని అడిగితే బాగుంటుంది. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.